ఎంఆర్ఐలో డిస్కు అరిగిందని వచ్చిందా? ఇప్పుడు ఏం చేయాలంటే...

"ఎల్4-ఎల్5 దగ్గర గ్యాప్ వచ్చిందట సార్, ఆపరేషన్ తప్పదా?" ఫిజియోథెరపిస్టుగా నాకు వచ్చే ఫోన్లలో, మెసేజ్‌లలో ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇదే. మెసేజ్ అయితే కింద రిపోర్టు ఫొటో ఉంటుంది. నొప్పి ఎక్కడుందో, ఎన్నాళ్ల నుంచి ఉందో, ఎంత దూరం నడవగలుగుతున్నారో ఒక్క ముక్క ఉండదు. కానీ జవాబు దొరికేది అక్కడే, రిపోర్టులో కాదు. అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పే మాటలన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఆ 'గ్యాప్' సంగతి. ఎల్4, ఎల్5 అంటే నడుములోని నాలుగో, ఐదో పూసలు, ఎస్1 అంటే వాటి కిందిది. డిస్కు అరిగితే రెండు పూసల మధ్య ఖాళీ పెరగదు, తగ్గుతుంది. డిస్కు అంటే పూసల మధ్య ఉండే మెత్త. లోపల నీరు పట్టుకున్న గుజ్జు, చుట్టూ గట్టి పీచు వలయం. వయసు పెరిగేకొద్దీ గుజ్జులో నీరు తగ్గి, మెత్త పలచబడి, అంచులు కాస్త బయటికి ఉబ్బుతాయి. నలభై దాటాక చత్వారం వచ్చినట్టే ఇదీ వస్తుంది. కొందరికి నొప్పి పెడుతుంది, చాలామందికి పెట్టదు. ఇంతకు మించి సిద్ధాంతం మీకు అక్కర్లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎంఆర్ఐ రిపోర్టు (ఇంకా తీయించకపోతే పర్వాలేదు, రెండో మెట్టు వదిలేయండి)
- ఒక నోటు పుస్తకం, పెన్ను
- ఖాళీ గోడ, కదలని కుర్చీ, నేల మీద పరుచుకోవడానికి చాప
- వేడినీళ్ల బ్యాగు
- ఆరు నుంచి ఎనిమిది వారాల ఓపిక

1. ముందు ప్రమాద సూచనలు లేవని తేల్చుకోండి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇది చదవడం ఆపి ఆసుపత్రికి బయల్దేరండి. రేపు వెళదాంలే అనుకోవద్దు.

- మూత్రం రాకుండా ఆగిపోవడం, లేదా తెలియకుండానే మూత్రం, మలం పోవడం
- సైకిల్ సీటు తగిలే చోట స్పర్శ తెలియకపోవడం. కడుక్కుంటున్నప్పుడు చెయ్యి తగిలినట్టు అనిపించకపోతే అదే ఇది.
- రెండు కాళ్లూ బలహీనపడటం, పాదం జారి చెప్పు ఊడిపోవడం, అది రోజురోజుకూ పెరగడం

మొదటి రెండూ నడుము చివర ఉండే నరాల కట్ట మొత్తం నలిగిపోతోందనడానికి గుర్తులు. ఇక్కడ గంటలు లెక్క. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు తిరిగి రాకపోవచ్చు.

రెండోరకం సూచనలు అంత తొందర పెట్టవు గానీ, ఆ వారంలోనే డాక్టర్ని కలవాలి. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి లేక బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి. మన దేశంలో ఈ లక్షణాలు కనిపిస్తే వెన్ను టీబీని అనుమానించాల్సిందే. మందులతో నయమయ్యే జబ్బు అది, అరుగుదల అనుకుని నెలలు గడిపితే పూస కూలిపోతుంది. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లు, కాలు జారి పడిన తర్వాత నొప్పి మొదలైన అరవై దాటిన ఆడవాళ్లు కూడా ఆగకూడదు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ నీటి ఊళ్లవాళ్లకు ఇంకో మాట. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) గురించి 1937లో మొదట రాసింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. ఇలాంటి ఊళ్లలో నడుము బిగుసుకుపోవడం ఎప్పుడూ డిస్కు వల్లే కాకపోవచ్చు. ఎముకలు, వాటి చుట్టూ ఉన్న బంధనాలు గట్టిపడి ఉండొచ్చు. ఎక్స్‌రేలో ఎముక మామూలు కన్నా తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. మీ ఊరి నీళ్ల సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి.

2. రిపోర్టులోని మాటలకు భయపడకుండా చదవండి

రిపోర్టుల్లో తరచూ కనిపించే మాటలు ఇవీ.

*డిస్క్ డెసికేషన్:* గుజ్జులో నీరు తగ్గింది. ఫిల్ములో ఆ డిస్కు నల్లగా కనిపిస్తుంది.

*డిఫ్యూజ్ బల్జ్:* అంచు చుట్టూ కాస్త ఉబ్బింది. జారిపోయిందని కాదు.

*థీకల్ శాక్ ఇండెంటేషన్:* నరాల చుట్టూ ఉండే సంచికి ఆ ఉబ్బు తగులుతోంది. 'నొక్కుతోంది' అనగానే జనం బెదిరిపోయేది ఇక్కడే. సంచికి తగలడం వేరు, నరం నలగడం వేరు.

*ఆస్టియోఫైట్స్:* పూస అంచున పెరిగిన ఎముక మొలకలు. వయసు గుర్తు.

*హెమాంజియోమా:* పూసలో రక్తనాళాల చిన్న ముద్ద. పేరు చూసి గడ్డ అని ఏడ్చినవాళ్లున్నారు. ఎక్కువసార్లు ఏ హానీ చేయదు, వేరేదో వెతుకుతుంటే కంటపడుతుంది.

*ఎక్స్‌ట్రూజన్, సీక్వెస్ట్రేషన్:* గుజ్జు వలయం దాటి బయటికొచ్చింది, లేదా ముక్క విడిపోయింది. వినడానికి ఘోరంగా ఉన్నా, తమంతట తాము కుంచించుకుపోయే అవకాశం చిన్న బల్జ్ కన్నా వీటికే ఎక్కువ. బయటపడ్డ గుజ్జును శరీరం పరాయి వస్తువులా చూసి అరిగించుకుంటుంది.

*కెనాల్ స్టెనోసిస్, నర్వ్ రూట్ కంప్రెషన్:* నరాల దారి ఇరుకైంది, నరం మొదలు నలుగుతోంది. పట్టించుకోవాల్సిన మాటలు ఇవి. అయితే మూడో మెట్టులో మీ కాలు చెప్పేదానితో కలిస్తేనే.

*లిస్థెసిస్ గ్రేడ్ 1:* ఒక పూస కింది పూస మీద కొద్దిగా ముందుకు జరిగింది. గ్రేడ్ 1 అంటే పావువంతు లోపు. చాలామంది దీనితోనే హాయిగా బతుకుతారు.

ఒక లెక్క చెబుతాను, గుర్తుంచుకోండి. నడుము నొప్పే లేని 3,110 మంది స్కానింగ్‌లను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. ఏ బాధా లేని ఇరవయ్యేళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. యాభై ఏళ్లకు 80 శాతం, ఎనభైకి 96 శాతం. డిస్కు ఉబ్బు యాభై ఏళ్లవాళ్లలో 60 శాతం మందికి ఉంది. వీళ్లంతా నొప్పి లేనివాళ్లు! మీ రిపోర్టులో ఆ మాట కనిపించినంత మాత్రాన మీ నొప్పికి కారణం దొరికినట్టు కాదు.

3. రిపోర్టును మీ కాలితో సరిచూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, చాలామంది దాటేసేదీ ఇదే. పక్కన ఒకరిని ఉంచుకుని చేయండి.

అ) నోటు పుస్తకంలో మనిషి బొమ్మ గీసి, నొప్పి, తిమ్మిరి ఉన్న చోటల్లా గీతలు పెట్టండి. నడుములోనే ఉందా, పిరుదు దాకానా, మోకాలు దాటి పాదంలోకి దిగుతోందా? మోకాలు దాటితేనే నరం మీద అనుమానం గట్టిపడుతుంది.

ఆ) మడమల మీద పది అడుగులు నడవండి. తర్వాత కాళ్ల బొటనవేళ్లను పైకి లేపి ఉంచండి, పక్కవాళ్లను కిందికి నొక్కమనండి. ఒక వేలు సులువుగా లొంగిపోతే ఎల్5 నరం బలహీనంగా ఉండొచ్చు. సాధారణంగా ఎల్4-ఎల్5 డిస్కు ఇబ్బంది పెట్టేది ఈ నరాన్నే.

ఇ) గోడకు వేళ్లు ఆనించి ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తండి, దించండి. ఎన్నిసార్లు చేయగలిగారో ఒక్కో కాలికీ రాసుకోండి. ఒక కాలు 20 చేసి ఇంకోటి 6 దగ్గరే కూలబడితే ఎస్1 నరం సంగతి చూడాలి. అది ఎల్5-ఎస్1 డిస్కు దగ్గరి నరం.

ఈ) నడిస్తే కాళ్లు బరువెక్కి, తిమ్మిరెక్కి ఆగిపోతున్నారా? కూర్చున్నా, ముందుకు వంగి బండి హ్యాండిల్ మీద వాలినా రెండు నిమిషాల్లో తగ్గుతోందా? అది నరాల దారి ఇరుకైన స్టెనోసిస్ తీరు. ఊరికే నిలబడితేనే తగ్గిపోతే, పైగా బీడీ, సిగరెట్ అలవాటుంటే, కాలి రక్తనాళాలు చూపించుకోవాలి.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే: షుగరున్నవాళ్లకు రెండు పాదాల్లో మేజోళ్లు తొడిగినట్టు మంటలు, తిమ్మిర్లు ఉంటే అది తరచూ షుగరు వల్లే, వెన్ను వల్ల కాదు. గజ్జల్లో నొప్పి ఉండి చెప్పులు తొడుక్కోవడం కష్టమైతే తుంటి కీలు చూపించుకోండి. వీటికి డిస్కు ఆపరేషన్ చేయించుకుంటే నొప్పి అక్కడే ఉంటుంది.

బొటనవేలికో మడమకో బలం తగ్గిందని తేలితే ఇంట్లో ప్రయోగాలు వద్దు, ఒకటి రెండు రోజుల్లో వెన్ను డాక్టరుకు చూపించండి. బలం బాగుండి ఉట్టి నొప్పే అయితే ముందుకు సాగండి.

మొన్న వేసవిలో ఒక టైలరు వచ్చారు, నలభై రెండేళ్లావిడ. చీరల షాపు కవర్లో ఫిల్ము చుట్టి తెచ్చారు. రిపోర్టులో నాలుగు డిస్కులు ఉబ్బాయని ఉంది. "కదిలితే నరం తెగిపోతుందేమో" అన్న భయంతో రెండు నెలలుగా మంచం దిగలేదు, మిషను మీద గుడ్డ కప్పేశారు. గోడ దగ్గర నిలబెట్టి మడమ ఎత్తమన్నాను. ఎడమ కాలు 20 సార్లు, కుడి 8 సార్లు. నొప్పి కుడి పిక్క వెనకగా చిటికెన వేలి దాకా. అంటే నాలుగింటిలో ఆవిడను బాధపెడుతున్నది ఒక్కటే, అడుగున ఉన్న ఎల్5-ఎస్1. మిగతా మూడూ కాగితం మీదివే. ఆ మాట చెప్పాక ఆవిడ ముఖంలో టెన్షన్ సగం దిగింది. బలం తగ్గింది కాబట్టి ముందు సర్జనుకు చూపించాం. "బలం ఇంకా పడిపోకపోతే ఆరు వారాలు చూద్దాం" అన్నారాయన. ఆ తర్వాతే వ్యాయామం మొదలుపెట్టాం.

4. మొదటి మూడు నాలుగు రోజులు: నొప్పిని దారికి తెచ్చుకోండి

నడుము పట్టేసిన రోజు పడుకోవాలనిపిస్తే పడుకోండి. రెండు రోజులు మించొద్దు. గంటకోసారి లేచి గదిలోనే నాలుగు అడుగులు వేయండి. డిస్కుకు నేరుగా రక్తం అందదు, కదలికతోనే దానికి పోషణ చేరుతుంది.

వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు, పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు. వేడినీళ్ల బ్యాగు 15-20 నిమిషాలు. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు వేడిని ముందు మోచేతితో చూసుకోండి, చర్మం కాలినా తెలియదు. నేల మీదే పడుకోవాలన్న నియమమేమీ లేదు. మరీ గట్టి పరుపు కన్నా ఓ మోస్తరు గట్టిదే మేలు.

నొప్పి మాత్రలు డాక్టరు రాసినన్ని రోజులే. బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్లకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి హాని చేస్తాయి. పాత చీటీ చూపించి అదే స్ట్రిప్పు నెలల తరబడి కొనుక్కోవడం నేను తరచూ చూస్తున్నాను, దయచేసి మానండి. 'మూడు రోజుల్లో మాయం' అనే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండే ప్రమాదం ఉంది. వేసుకున్నన్నాళ్లు హాయి, తర్వాత ఎముకలే గుల్లబారుతాయి.

5. మీ నడుముకు ఏ దిక్కు నచ్చుతుందో కనుక్కోండి

చాప మీద బోర్లా పడుకోండి, మకరాసనంలో లాగా. రెండు నిమిషాలు అలాగే ఉండండి. తర్వాత మోచేతుల మీద లేవండి. ఇబ్బంది లేకపోతే అరచేతులు నేలకు నొక్కి భుజంగాసనంలా ఛాతీ లేపండి. నడుము వదులుగా ఉండాలి, కటి నేలకే ఆనాలి. పదిసార్లు లేచి దిగండి.

ఇప్పుడు నొప్పి ఎటు కదిలిందో చూడండి. పాదంలో ఉన్నది పిక్కకు, పిక్కలోది పిరుదుకు, అక్కడి నుంచి నడుముకు ఎగబాకితే మంచి గుర్తు. నడుములో నొప్పి కాస్త పెరిగినా సరే, కాలు ఖాళీ అవుతుంటే సరైన దారిలో ఉన్నట్టే. రోజుకు నాలుగైదుసార్లు ఇదే చేయండి. అలాకాక నొప్పి కాలి కిందికి దిగితే వెంటనే ఆపండి.

స్టెనోసిస్ ఉన్నవాళ్లకు తరచూ దీనికి వ్యతిరేకం పనిచేస్తుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లను ఛాతీ వైపు లాక్కోండి, ఐదు లెక్కపెట్టి వదలండి. బోర్లా పడుకోలేని పెద్దవాళ్లు కుర్చీలో కూర్చుని మెల్లగా ముందుకు వంగినా అదే పని అవుతుంది.

6. నడవండి

ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన వాక్‌బ్యాక్ అధ్యయనం 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నడుము నొప్పి తగ్గినవాళ్లలో కొందరికి నడక నేర్పించి, మెల్లగా పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు అరగంట దాకా తీసుకెళ్లారు. మధ్యస్థంగా చూస్తే మళ్లీ నొప్పి తిరగబెట్టడానికి వాళ్లకు 208 రోజులు పట్టింది, నడవనివాళ్లకు 112 రోజులే. ఖర్చు లేని మందు ఇది.

మొదటి రోజు ఐదు నిమిషాలు చాలు. నొప్పి పెరగకముందే ఆగండి, పెరిగాక కాదు. రెండు మూడు రోజులకోసారి రెండు నిమిషాలు కలపండి. టైలరుగారికి మొదటి వారం వాళ్ల వీధి చివరి రామాలయం దాకా, అంతే. స్టెనోసిస్ ఉన్నవాళ్లకు సైకిల్ తొక్కడం నడక కన్నా సుఖం.

7. బలం, ఇంటిపని

రెండో వారం నుంచి రెండు వ్యాయామాలు చాలు. ఒకటి, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి కటి పైకెత్తడం. రెండు, అరచేతులు, మోకాళ్లు నేలకు ఆనించి ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు చాపడం, తర్వాత మార్చడం. ఒక్కోటి ఎనిమిదిసార్లు, ఊపిరి బిగపట్టకుండా.

ఇక పొద్దున్నే వాకిలి. రాత్రంతా పడుకుంటే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, లేచిన తొలి గంటలో నడుము వంచితే వాటి మీద ఒత్తిడి బాగా పడుతుంది. మన ఆడవాళ్లు సరిగ్గా అప్పుడే నడుం వంచి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గేస్తారు. పొడుగు కర్ర చీపురు కొనండి. ముగ్గు పీట మీద కూర్చుని వేయండి, లేదా ఒక గంట ఆగి వేయండి. ఇంట్లో వాళ్లు ఈ పని పంచుకుంటే ఇంకా మంచిది, నొప్పి తగ్గేదాకా అని కాదు, ఎప్పటికీ.

గ్యాస్ బండను దొర్లించండి, ఎత్తొద్దు. బిందెను నడుముకు ఒక పక్కనే ఎత్తుకునే బదులు రెండు చేతులకు రెండు చిన్న బకెట్లు. నాట్లకు వెళ్లేవాళ్లకు వంగొద్దని చెప్పడం కుదరదని నాకూ తెలుసు. అరగంటకోసారి గట్టెక్కి, చేతులు నడుము వెనక పెట్టుకుని ఐదుసార్లు వెనక్కి వాలండి. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకూ ఇదే సూత్రం. ఖరీదైన కుర్చీ కన్నా అరగంటకోసారి లేవడం ముఖ్యం.

ఎక్కువమంది చేసే తప్పులు

బెల్టును ఒంటికి అతికించేసుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, దీర్ఘకాలపు నడుము నొప్పికి సాధారణంగా వాడొద్దన్న వాటిలో నడుము బెల్టు, ట్రాక్షన్ (నడుమును సాగదీసి లాగడం) రెండూ ఉన్నాయి. బస్సు ప్రయాణానికి గంటో రెండు గంటలో కట్టుకుంటే తప్పు లేదు.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుము తొక్కించుకోవడం. మామూలు పట్టు ఎలాగూ నాలుగు రోజుల్లో తగ్గుతుంది, పేరు వాళ్లకొస్తుంది. ఎముకలు పలచబడిన పెద్దావిడ అయితే పూస విరిగే ప్రమాదం నిజంగా ఉంది.

నొప్పి తగ్గిన రోజే నెల రోజుల పనంతా చేసేయడం. తిరగబెట్టే కేసుల్లో నేను ఎక్కువగా చూసే కారణం ఇదే.

తగ్గుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి

నొప్పినే కొలిస్తే మోసపోతారు, అది రోజుకో తీరుగా ఉంటుంది. ప్రతి ఆదివారం ఇవి రాయండి: ఆగకుండా ఎన్ని నిమిషాలు నడిచారు, ఒంటికాలి మీద మడమ ఎన్నిసార్లు ఎత్తారు, నొప్పి కాలిలో ఎంత కింది దాకా ఉంది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. టైలరుగారి పుస్తకంలో కుడి మడమ లెక్క 8, 8, 9, 11, 11, 14, 17. రెండో వారం కదలిక లేదని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఏడో వారం మిషను మీది గుడ్డ తీశారు, స్టూలు కాస్త ఎత్తు చేసుకుని, తొక్కుడు మానేసి మోటారు పెట్టించుకున్నారు.

ఆరు నుంచి పన్నెండు వారాలు నిజాయితీగా చేసినా కాలి నొప్పి నిద్రపోనివ్వకపోతే, బలం తగ్గుతూ పోతే, నడక దూరం కుంచించుకుపోతే ఆపరేషన్ గురించి మాట్లాడే సమయమే. భయపడాల్సిన పనేం లేదు, సరైన మనిషికి అది బాగా పనిచేస్తుంది. సర్జన్ని మూడు అడగండి: నా కాలి లక్షణాలు ఈ ఒక్క డిస్కుతోనే సరిపోతున్నాయా? ఆపరేషన్ వల్ల తగ్గేది కాలి నొప్పా, నడుము నొప్పా? ఇంకో రెండు నెలలు ఆగితే నష్టమేంటి? కాలి నొప్పికి ఆపరేషన్ ఇచ్చే ఫలితం ఉట్టి నడుము నొప్పికి ఇవ్వదు, కాబట్టి రెండో ప్రశ్నకు జవాబు స్పష్టంగా రాబట్టుకోండి. రెండో అభిప్రాయం తీసుకోవడానికి మొహమాటపడొద్దు.

బాగైన తర్వాత "డిస్కు లోపలికి వెళ్లిందో లేదో" చూడ్డానికి మళ్లీ ఎంఆర్ఐ తీయించాలా అని చాలామంది అడుగుతారు. వద్దు. నడవగలుగుతుంటే, మడమ ఎత్తగలుగుతుంటే ఆ డబ్బులు ఇంట్లోనే ఉంచుకోండి. కొత్తగా బలం తగ్గినా, మొదటి మెట్టులోని సూచనలు ఏవైనా కనిపించినా, ఆపరేషన్ ఖాయమైనా అప్పుడు తీయించండి.